చేసిన పనికి వ్రాతసాక్ష్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



పాలంపేట గ్రామములోని రామప్ప దేవాలయమును కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరమున కట్టించెను. ఈ సంగతిని అచ్చటి శాసనమే చెప్పుచున్నది. కట్టించినవాని పేరు ఆ విధముగ రాతిపై నిలిచినది. చెక్కినవారి మాట యేమి? రామప్ప యను శిల్పి పేరిటనే ఆ గుడికి ఆ పేరు వచ్చినదని జనశ్రుతి. 2021లో ప్రపంచ వారసత్వ కట్టడముల పట్టికలో చేర్చబడిన ఆలయమునకే శిల్పి పేరు జనుల నోటిమాటగా మాత్రము మిగిలినప్పుడు, తక్కిన వేలకొలది శిల్పుల, వడ్రంగుల, కమ్మరుల గతి వేరుగ చెప్పనక్కరలేదు. అంత వెనుకకు పోనేల? 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలబడిన నాగార్జునసాగరమున రాళ్లు మోసి, పేర్చి, ఆ గోడను లేపిన పనివారి పేర్లు ఎందరికి తెలియును?

పని ఒకరిది, పేరు మరియొకరిది యగుట లోకమున క్రొత్త సంగతి కాదు. అందు ఒక చిన్న భాగమైనను సరిదిద్దుకొనుట పనివాని చేతిలోనే యున్నదని చెప్పుట ఈ ఉపన్యాసము యొక్క ఉద్దేశము. నెలజీతపు ఉద్యోగము గాక, పనిని గుత్తకు ఒప్పుకొని స్వతంత్రముగ జీవించువాడు తన పనిని గూర్చి ఒక కాగితముమీద ఎట్లు వ్రాసికొనవలెను? ఆ కాగితమును కొందరు బయోడేటా యనుచున్నారు, కొందరు సి.వి. యనుచున్నారు. తెలుగున పరిచయపత్రము అనిన సరిపోవును.

పూర్వము గ్రామమున దీని అవసరమే లేకుండెను. ఏ వడ్రంగి చేసిన బండి ఎన్నేండ్లు నిలిచినదో, ఏ ఉప్పరి త్రవ్విన బావి పూడిపోలేదో ఊరివారందరికిని తెలియును. ఊరి నోరే పరిచయపత్రము. నేడు వైరింగు చేయువాడు, రంగులు వేయువాడు, టైల్సు పరచువాడు, కంప్యూటరు పని చేయు యువతి, వీరందరును ఊరు దాటి పని వెదకుకొనుచున్నారు. హైదరాబాదు, విశాఖపట్టణము, బెంగుళూరు, గల్ఫు దేశములు వీరికి పొలిమేరలైనవి. పని ఇచ్చువాడు ఇతని ముఖమునైన చూచియుండడు. ఇతని ఊరి నోరు అతని చెవికి అందదు.

అందుచేత నడుమ ఒక మేస్త్రీయో, ఒక ఏజెంటో చేరును. పదియేండ్లు ఒకడు గోడలలో తీగలు పరచును. ఆ యిండ్లన్నియు మేస్త్రీ చేసిన పనులుగనే లెక్కకు వచ్చును. మేస్త్రీ చెడ్డవాడు కానక్కరలేదు. పని తెచ్చుటయు ఒక పనియే. కాని ఒకనాడు ఆ పనివాడు తానే ఒక పనిని ఒప్పుకొనదలచి, పెద్ద భవనము కట్టించుచున్న ఆసామి యెదుట నిలిచినప్పుడు, "ఇదివరకు ఏమి చేసితివి?" అను ప్రశ్న వచ్చును. నోటితో చెప్పుట తప్ప చూపుటకు చేతిలో ఏమియు నుండదు. ఆసామి తలయూపి, మరల ఆ మేస్త్రీకే కబురు పంపును. పదియేండ్ల నేర్పు ఆ క్షణమున లేనిదానితో సమానమైనది. ఇచ్చట పోయినది ఒక్కనాటి కూలి కాదు. తన కాళ్లపై తాను నిలుచు అవకాశమే పోయినది.

"నిండుకుండ తొణకదు" అను సామెతను తప్పుగ అన్వయించుకొని, తన పనిని తాను చెప్పుకొనుట ఆత్మస్తుతి యని వెనుదీయువారు కలరు. ఈ సంకోచము గౌరవింపదగినదే. కాని చేసిన పనిని ఉన్నదున్నట్లు వ్రాయుట ఆత్మస్తుతి కాదు. నేలబిల్లు కట్టినవాడు రశీదు దాచుకొనును. దానిని ఎవరును గొప్పలు చెప్పుకొనుట యనరు. పరిచయపత్రము చేసిన పనికి రశీదు వంటిది.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. సి.వి. యను రెండక్షరములకు మూలమైన లాటిను మాటలకు "జీవితగమనము" అని అర్థము. ఉద్యోగమునకు అభ్యర్థి పంపు పత్రము నిజముగనే జీవితగమనమును తెలుపును: ఏ బడి, ఏ పరీక్ష, ఏ కచేరీ, ఎన్నేండ్లు. అతనిని చాలకాలము తమవద్ద నుంచుకొనదలచినవారికి ఇవన్నియు కావలసినవే. స్వతంత్రముగ పని ఒప్పుకొనువానిని ఇంగ్లీషున ఫ్రీలాన్సు అందురు. లాన్సు అనగా ఈటె. వాల్టర్ స్కాట్ 1819లో వెలువరించిన "ఐవన్‌హో" నవలలో ఈ మాట కూలికి యుద్ధము చేయు సైనికులకు వాడబడినది. ఏ ప్రభువునకును శాశ్వతముగ కట్టుబడక, పిలిచినవాని పక్షమున పోరి, పని ముగియగనే వెడలిపోవువారు వారు. అట్టివానిని పిలుచువాడు అతని బాల్యము నడుగడు. "నా పనిని వీడు ముగింపగలడా? ఇట్టి పనిని ఇదివరకు ముగించెనా?" అను రెండు ప్రశ్నలే అడుగును. ఈ రెండింటికి సమాధానమే స్వతంత్ర పనివాని పరిచయపత్రము.

దీనికి ఒక ప్రసిద్ధమైన దృష్టాంతము చరిత్రలో కలదు. ఇటలీ దేశమున 1452లో జన్మించిన లియొనార్డో డా వించీ ఫ్లారెన్సు నగరమున వెరోకియో అను శిల్పి కార్ఖానాలో పని నేర్చెను. సుమారు 1482లో, ముప్పదియేండ్ల ప్రాయమున, మిలాను నగరమునకు పోయెను. ఆ నగరాధికారము అప్పుడు లుడోవికో స్ఫోర్జా చేతిలో నుండెను. పని కోరుచు లుడోవికోకు వ్రాసిన లేఖ యొక్క చిత్తుప్రతి నేటికిని మిలానులోని అంబ్రోసియానా గ్రంథాలయమున, కోడెక్స్ అట్లాంటికస్ అను సంపుటములో భద్రముగ నున్నది.

ఆ లేఖలో లియొనార్డో తన పుట్టుకను, చదువును, గురువును ప్రస్తావింపలేదు. 1482లో మొదలైన ఫెర్రారా యుద్ధమున మిలాను వారు వెనిసు వారితో పోరుచుండిరి. కావున ప్రభువునకు ఏమి కావలెనో దానితోనే లేఖ సాగినది. తేలికగ నుండి సులభముగ మోసికొనిపోదగిన వంతెనలు, ముట్టడివేళ కందకముల నీరు తీసివేయు ఉపాయము, చప్పుడు లేకుండ త్రవ్వు సొరంగములు, తరలించుటకు వీలైన ఫిరంగులు, కప్పుగల యుద్ధశకటములు, ఇట్లు ఒక్కొక్కటి వేరువేరుగ, వరుస అంకెలతో చెప్పబడినవి. శాంతికాలమున భవనములు కట్టుట, నీటిని ఒకచోటనుండి మరియొకచోటికి కొనిపోవుట పదియవ అంశము. లోకము నేడు ఏ విద్యకు అతనికి నమస్కరించుచున్నదో ఆ చిత్రలేఖనము లేఖ చివరి భాగమున వచ్చినది. అంతియేగాక, వీనిలో ఏదైనను అసాధ్యమని ప్రభువునకు తోచినచో, కోరిన చోట పరీక్షించి చూపుటకు సిద్ధమని లేఖ ముగిసినది.

ఇందు నేర్చుకొనదగినవి మూడు కలవు. తనకు ఇష్టమైనది గాక ఎదుటివానికి అవసరమైనది ముందు వ్రాయుట ఒకటి. పనులను కలగాపులగము చేయక విడివిడిగ చెప్పుట రెండవది. మాటకు పరీక్షను జోడించుట మూడవది.

ఆ లేఖలో నేర్చుకొనరాని దొకటియు కలదు. అందు చెప్పిన యుద్ధయంత్రములలో అధికభాగము లియొనార్డో అప్పటికి నిర్మించి చూపినవి కావు; చేయగలనని చెప్పినవి మాత్రమే. మిలానులో 1483లో అతడు ఒప్పుకొన్న పని ఒక భక్తసమాజము వారి ఆలయమునకు చిత్రపటము వ్రాయుట. ఇద్దరు సోదర చిత్రకారులతో కలిసి చేసికొన్న ఆ ఒప్పందముమీద సొమ్ము విషయమై పుట్టిన తగవు ఇరువదియేండ్లకు పైగ సాగినది. లుడోవికో తండ్రి స్మారకముగ పోతపోయదలచిన కంచుగుర్రము లేఖలో ప్రస్తావింపబడినది. దాని మట్టి నమూనా 1493లో ప్రదర్శింపబడినది. మరుసటి యేట ఆ కంచు ఫిరంగులకై తరలిపోయినది. 1499లో మిలానును పట్టుకొన్న ఫ్రెంచి సైనికులు ఆ మట్టిగుర్రమునకు గురిపెట్టి బాణములు వేసి పాడుచేసిరి. లియొనార్డో ప్రతిభ అసామాన్యము గనుక లోకము మన్నించినది. సామాన్యుడైన పనివాడు "చేసితిని" అను మాటను, "చేయగలను" అను మాటను ఒకే వరుసలో వ్రాయరాదు. చేసినవి చేసినవిగ, నేర్చినవి నేర్చినవిగ విడదీసి వ్రాసినచో, చదువువానికి మొదటి వరుసపై నమ్మకము కలుగును. ఆ నమ్మకమే రెండవ వరుసకును ప్రాకును.

ఇక కాగితమును చేతిలోనికి తీసికొనవచ్చును. పైభాగమున పేరు, ఊరు, ఫోను నెంబరు, ఉన్నచో ఈమెయిలు వ్రాయవలెను. దాని క్రింద చేయు పనిని ఒకే వాక్యములో చెప్పవలెను. "ఎలక్ట్రీషియన్" అని మాత్రము వ్రాసిన చాలదు; అట్టివారు ప్రతి వీధిలో నుందురు. "పాఠశాలలు, దుకాణములు, రెండంతస్తుల వరకు గల ఇండ్లకు క్రొత్త వైరింగు, పాత వైరింగు మార్పు; ఇద్దరు సహాయకులతో, జిల్లాలో ఎచ్చటనైనను" అని వ్రాసినచో, ఆసామికి ఇతడు తనకు పనికివచ్చునో లేదో అరనిమిషమున తెలియును.

తరువాత చేసిన పనులు. ప్రతి పనికిని అయిదు సంగతులు కావలెను: చోటు ఎట్టిది, అచ్చటి ఇబ్బంది యేమి, పనివాడు చేసినదేమి, ఎంత పని ఎన్ని దినములలో జరిగినది, పిమ్మట ఫలితమేమి. మచ్చునకు ఒక విద్యుత్ పనివాడు ఇట్లు వ్రాసెననుకొనుడు: "కష్టపడు స్వభావము, నిజాయితీ, తొమ్మిదేండ్ల అనుభవము, అన్ని విధములైన వైరింగు పనులు చేయబడును." ఇందులో అబద్ధము లేదు. కాని చదివినవానికి ఏమియు కనబడదు. నిజాయితీ లేదని వ్రాసికొను పనివాడు ఎవడు?

అదే మనిషి మరల ఇట్లు వ్రాసెననుకొనుడు: "2023 మే నెల. రెండంతస్తుల పాఠశాల భవనము, 14 గదులు. వాన కురిసినప్పుడెల్ల కరెంటు పోవుచుండెను. పాత తీగలన్నియు తీసివేసి, క్రొత్త పైపులలో తీగలు వేసి, ఎర్తింగు సరిచేసి, అంతస్తునకొక బోర్డు అమర్చబడినది. ఇద్దరు సహాయకులతో 26 దినములలో, బడి తెరచుటకు ముందే ముగిసినది. ఆ వానకాలమున ఒక్కమారును కరెంటు పోలేదు." ఈ అయిదారు వాక్యములలో కష్టము, నిజాయితీ అను మాటలే లేవు. రెండును కనబడుచున్నవి. వేసవి సెలవులలో పని ముగించుట ఎంత అవసరమో తెలిసిన ప్రధానోపాధ్యాయుడు ఎవడైనను ఇతనికి ఫోను చేయును.

ఈ కాలమున కంప్యూటరు యంత్రములే అలంకారముగ పరిచయపత్రములు వ్రాసి ఇచ్చుచున్నవి. భాష దిద్దుటకు వానిని వాడుకొనిన తప్పు లేదు. కాని ఆ పాఠశాలలో పదునాలుగు గదులున్నవని యంత్రమునకు తెలియదు. వానకు కరెంటు పోవుచుండెనని తెలియదు. ఆ సంగతులను పనివాడే చెప్పవలెను.

తన భాగమును తాను సరిగ చెప్పుట మరియొక ధర్మము. పదిమంది కలిసి చేసిన పనిని ఒక్కడు తనదని వ్రాయరాదు. మేస్త్రీ క్రింద చేసినందున తనది కాదని విడిచిపెట్టనక్కరలేదు. "ఆరుగురిలో ఒకడుగ, రెండవ అంతస్తు వైరింగు అంతయు స్వయముగ" అని వ్రాసిన సత్యమునకు సత్యము, గౌరవమునకు గౌరవము.

చిన్నచిన్న పనులు వందలుగ నున్నవాడు వానినన్నింటిని వరుసగ వ్రాసినచో, ఎచ్చటను నిలకడలేనివాడని చదువరి భ్రమపడును. ఒకే జాతి పనులను ఒక శీర్షిక క్రింద చేర్చి, మొత్తము సంఖ్య చెప్పి, వానిలో మేలైన రెండు మూడింటిని మాత్రము వివరింపవలెను. పనులకు నడుమ ఖాళీలుండుట స్వతంత్ర వృత్తిలో సహజము. వానికి సాకులు వెదకనక్కరలేదు.

వ్రాసినదానికి సాక్ష్యము కావలెను. గోడలోని పని గచ్చు పూసిన పిమ్మట ఎవరికిని కనబడదు. వైరింగునకు, నీటి పైపులకు, పునాదికి ఇదే చిక్కు: పని ఎంత బాగుగ ముగిసిన అంత పూర్తిగ కనుమరుగగును. కావున పూత పూయకముందే ఫోనుతో నాలుగు ఫోటోలు తీసికొని తేదీతో భద్రపరచుకొనవలెను. పని ముగిసిననాడే, యజమాని సంతోషముగ నున్నప్పుడే, "ఈ పని, ఈ తేదీలలో, ఇతడు చేసెను" అని రెండు పంక్తులు వ్రాయించుకొని సంతకము తీసికొనవలెను. ఏడాది గడచినచో ఆ సంతకము దొరకుట కష్టము. "అడగనిదే అమ్మయినను పెట్టదు" గదా! యజమాని పేరును, ఫోను నెంబరును పత్రములో వ్రాయుటకు ముందు అతని అనుమతి తప్పక పొందవలెను. ఎవరి ఇంటి ఫోటోయైనను ఇట్లే.

కొన్ని వృత్తులలో యజమాని పేరు చెప్పుటయే కూడదు. హైదరాబాదులో ఇంటినుండి సాఫ్ట్‌వేరు పనులు ఒప్పుకొను యువతికి, సంస్థ రహస్యములు బయటపెట్టరాదను ఒప్పందముండవచ్చును. ఆమె సంస్థ పేరు చెప్పక, "మందుల దుకాణముల కొక సంస్థ, సరకు లెక్కలు చూచు కార్యక్రమము, మూడు నెలలు, ముగ్గురిలో ఒకరు, లెక్కలు సరిచూచు భాగమంతయు తనది" అని వ్రాయవచ్చును. ఆ సంగతులైనను ఒప్పందము అనుమతించినంతవరకే. ఒకరి రహస్యమును పరిచయపత్రములో వెల్లడించినవానిని చూచి, రేపు తన రహస్యమును గూడ వీడు ఇట్లే చాటునని క్రొత్త యజమాని తలచును.

విడువవలసినవియు కలవు. వివాహ సంబంధమునకు పంపు బయోడేటా వేరు, పనికి పంపు పత్రము వేరు. కులము, గోత్రము, నక్షత్రము, తండ్రి ఆస్తి, తోబుట్టువుల ఉద్యోగములు దీనిలో నుండరాదు. ఆధారు నెంబరు, పాన్ నెంబరు, బ్యాంకి ఖాతా నెంబరు అసలే వ్రాయరాదు. ఈ కాగితము వాట్సప్‌లో ఎన్ని చేతులు మారునో ఎవరికి తెలియును? అవి ఒప్పందము కుదిరినప్పుడు, అవసరమైనవానికి మాత్రము ఇవ్వవలసినవి.

ఐ.టి.ఐ. సర్టిఫికేటు, ప్రభుత్వమువారి పర్మిట్టు వంటివి ఉన్నచో ఒక పంక్తిలో చెప్పవలెను. 2020 జూలై 1 నుండి కేంద్ర ప్రభుత్వము అమలుపరచిన ఉద్యమ్ రిజిస్ట్రేషనును చిన్న వృత్తిదారులును రుసుము లేకుండ చేయించుకొనవచ్చును. అది ఉన్నదని తెలుపుట మంచిది. పని ధరను మాత్రము ఈ పత్రములో వ్రాయరాదు. చోటు చూడక, కొలత తీయక చెప్పిన ధర ఒకప్పుడు పనివానిని ముంచును, ఒకప్పుడు పనిని పోగొట్టును. ధరకు, గడువునకు, సొమ్ము చెల్లింపునకు వేరుగ కొటేషను ఉన్నది. సొమ్ము విషయమై లియొనార్డో వంటివానికే తగవు తప్పలేదని ఇదివరకే చెప్పబడినది.

ఇదంతయు ఒకటి, మహాయైన రెండు పుటలకు మించరాదు. అన్ని చోట్లకును ఒకే పత్రము పంపరాదు. పాఠశాలకు పంపునప్పుడు పాఠశాల పని ముందుండవలెను. ఆసుపత్రికి పంపునప్పుడు ఆసుపత్రి పని ముందుండవలెను. దీనికి సులభోపాయము ఇంటిలో ఒక నోటుపుస్తకము నుంచుకొనుట. పని ముగిసిన రాత్రియే, మరువకముందే, ఆ అయిదు సంగతులు అందులో వ్రాసికొనవలెను. అవసరమైనప్పుడు అందుండి ఏరుకొనవచ్చును. పొలము కౌలు లెక్కలు వ్రాసికొను ఇంటిలో ఇది క్రొత్త అలవాటు కాదు.

వ్రాయుట రాదని, ఇంగ్లీషు రాదని వెనుకాడువారికి చివరిగ ఒక సంగతి. లియొనార్డో ఎడమచేతితో కుడినుండి ఎడమకు వ్రాసెడివాడు. అద్దములో చూచినగాని ఆ వ్రాత చదువుట సులభము కాదు. మిలాను లేఖ ఆ విధమున లేదు. అది ఎడమనుండి కుడికి, చక్కని దస్తూరితో నున్నది. అది మరియొకరి చేతివ్రాత యని పండితుల అభిప్రాయము. అంతటివాడును వ్రాతకు మరియొకరి సాయము పొందెను. అందు చిన్నతనమేమియు లేదు. చెప్పవలసినది పనివానిదై, వ్రాయు చేయి ఎవరిదైనను కావచ్చును.

ఆ చేయి గ్రంథాలయమున దొరకవలెను. ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయము గ్రామమునకు పుస్తకములను ఇచ్చినది. చదువుట నేర్పిన చోటు వ్రాయుటకును ఆసరా కావచ్చును. వారమున కొక సాయంకాలము, కళాశాలలో చదువుకొను యువకులు ఇద్దరు ఇచ్చట కూర్చుండి, పనినుండి వచ్చినవారు చెప్పినదానిని విని, ప్రశ్నించి, కాగితముమీద పెట్టి, ఒకమారు చదివి వినిపించినచో చాలును. చెప్పినవానికి పత్రము దక్కును. వ్రాసినవానికి తన గ్రామమున ఎట్టి పనివారున్నారో తెలియును. వారి అనుమతితో ఒక్కొక్క ప్రతి ఇచ్చట భద్రపరచినచో, స్వర్ణోత్సవమునాటికి ఈ గ్రామస్థుల చేతులు ఎచ్చటెచ్చట ఏమేమి కట్టినవో చెప్పు సంపుటము ఒకటి ఈ బీరువాలో చేరియుండును. అట్టి సంపుటమునకు ఈ రజతోత్సవ సంవత్సరముననే మొదటి పుట వ్రాయబడుగాక!